ఆకాశానికీ హద్దురాళ్లు

పని మారితే మనిషి బతుకు మారుతుందా, లేక అదే బతుకు కొత్త పనిలోకి నడిచొస్తుందా? ఈ ప్రశ్న మావాళ్లకు కొత్తది కాదు. చెప్పులు కుట్టడం మానేసి కండక్టరు అయినోన్ని, డప్పు దించి బడిపంతులు అయినోన్ని అడగండి. ఉద్యోగం దొరికింది గానీ అద్దె ఇల్లు దొరకలేదని చెప్తారు. నేను ఇదే ప్రశ్నను ఇంకొక తావున నిలబడి అడుగుతాండ. నేను డ్రోను నడిపే పరీక్షకు చదువుతున్నాను. నా పుస్తకంలో గాలి గూర్చి ఉంది, బ్యాటరీ గూర్చి ఉంది, ఆకాశంలో హద్దుల గూర్చి ఉంది. ఎవరి కోసం ఎగరేయాలనే మాట ఎక్కడా లేదు. పరీక్ష అడగని ఆ ప్రశ్ననే నేనిక్కడ రాస్తున్నాను.

ముందు ఈ పరీక్ష సంగతి చెప్పాల. మా పల్లెల్లో శానామంది దీన్ని ఇంజనీర్లకు సంబంధించినదనుకుంటారు. కాదు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏండ్ల లోపల వయసుంటే చాలు. విమానయాన శాఖ డైరెక్టరేటు గుర్తింపు ఇచ్చిన శిక్షణ సంస్థలో కొన్ని రోజులు తరగతులు, కంప్యూటరు మీద ఉత్తుత్తి నడపడం, తర్వాత మైదానంలో నిజంగా నడపడం. ఆ మీదట పరీక్ష. పాసైతే పదేండ్లు చెల్లే సర్టిఫికెట్. 2022 ఫిబ్రవరిలో రూల్స్ సవరించి లైసెన్సు అనే మాట తీసేశారు. అప్పట్నుంచి దీన్ని రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అంటున్నారు.

చదువుకునే పిల్లలు గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. మొదట్లో దీనికి పాస్‌పోర్టు అడిగేవాళ్లు. విమానం మొగం చూడనోనికి పాస్‌పోర్టు యాడిది? పదో తరగతి చాలునని ఒక చేత్తో తలుపు తీసి, ఇంకో చేత్తో గొళ్లెం పెట్టినారు. 2023 సెప్టెంబరులో మళ్లీ సవరించి, ప్రభుత్వమిచ్చిన గుర్తింపు కార్డు, చిరునామా రుజువు ఉంటే చాలన్నారు. కులం పేరెత్తకుండానే కులాన్ని బయట నిలబెట్టే రూలు ఎట్లుంటాదో తెలియాలంటే ఇదొక మచ్చు. ఆ రూలు రాసినోళ్లకు మామీద పగ ఉందని నేను అనను. వాళ్ల కండ్లముందు పాస్‌పోర్టు లేని మనిషి ఎప్పుడూ నిలబడి ఉండడు, అంతే. అది పోయిన తర్వాతే నాబోటోళ్లు లోపలికి రాగలిగినాం. ఫీజు మాత్రం మాయమ్మ పొదుపు సంఘంలో అప్పు తీసి కట్టింది. నెలనెలా ఆ కంతు కడుతూనే ఈ చదువు సాగుతోంది.

పుస్తకమంతా ఇంగ్లీషు. ముందుకు వంగితే పిచ్, పక్కకు వాలితే రోల్, ఉన్నచోటనే తిరిగితే యా. నాలుగు రెక్కల డ్రోనులో రెండు మోటార్లు గడియారం తిరిగే వైపు, రెండు దానికి ఎదురు తిరుగుతాయి. అట్లా తిరగకపోతే డ్రోను మొత్తం బొంగరమైపోతుంది. లిథియం బ్యాటరీలో ఒక్కొక్క సెల్లు నిండా ఎక్కితే 4.2 వోల్టులు, దాన్ని అడుగంటా వాడితే మళ్లీ పనికిరాదు. ఎండ ముదిరితే గాలి పలచనవుతుంది, పలచని గాలిలో రెక్కకు పట్టు తగ్గుతుంది, బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మే నెల మిట్టమధ్యాహ్నం కడప జిల్లా ఎండలో మనిషికి పట్టు తగ్గుతుందని మాకు ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేదు. యంత్రానికి ఎండలో ఎంతసేపు పని చెప్పొచ్చో లెక్కగట్టి రాసినారు. మనిషికి అట్లాంటి పట్టిక ఏ రైతు ఇంట్లోనూ నేను చూళ్లేదు.

అన్నిటికంటే నన్ను ఆపింది ఆకాశపటం పాఠం. దేశంలోని ఆకాశాన్ని మూడు రంగులుగా విడదీసినారు. పచ్చ రంగు జోన్లో 400 అడుగుల ఎత్తు దాకా అనుమతి అడగకుండా ఎగరేయొచ్చు. పసుపు జోన్లో విమానాలను నియంత్రించే వాళ్ల అనుమతి కావాల. ఎర్ర జోన్లో కేంద్ర ప్రభుత్వం ఒప్పుకుంటేనే. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్లు దాటి 12 లోపల అయితే 200 అడుగులకు మించకూడదు. కర్నూలు పక్కన ఓర్వకల్లులో 2021 మార్చిలో విమానాశ్రయం తెరిచినారు గాబట్టి ఈ లెక్క మాకు నోటికి రావాల.

ఈ పాఠం నాకు ఒక్కసారికే వచ్చింది. తరగతిలో కొందరు రంగులు తారుమారు చేసుకుంటుంటే నాకు తడబాటు లేదు. ఎందుకంటే మా ఊరు నాకు ఈ పాఠం ముందే నేర్పింది. మాదిగపల్లె పచ్చ జోను. బజారు వీధి పసుపు జోను, పనిమీద పోవచ్చు, చెప్పులు చేత పట్టుకోవాల. గుడి ముందర ఎర్ర జోను. మంచినీళ్ల బాయి ఎర్ర జోను. కారంచేడులో 1985లో గొడవ మొదలైంది కూడా మంచినీళ్ల చెరువు కాడనే గదా. అయితే ఒక తేడా ఉంది. ఆకాశపటాన్ని ప్రభుత్వం అందరూ చూసేటట్లు పెట్టింది. రూలు తప్పితే ఏం శిక్షో రాసిపెట్టింది. ఊరి పటాన్ని ఎవరూ గీయలేదు, ఎవరూ రాయలేదు. తప్పినోనికి మాత్రమే శిక్ష తెలుస్తాది. రాసిన రూలు మీద కోర్టుకు పోవచ్చు, పాస్‌పోర్టు రూలు లాగా మార్పించొచ్చు. రాయని రూలు మార్చాలంటే ముందు అది ఉందని ఒప్పించాల. సగం ఆయుష్షు దానికే పోతుంది.

ఇక భూమి సంగతికి వస్తాను. ఈ ప్రశ్న అసలు పుట్టింది ఆడనే.

మా జేజినాయన ఊరికి వెట్టి. ఊర్లోకి సర్వేయరు వస్తే గొలుసు లాగేది ఆయనే. సర్వే గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. ఒక కొస సర్వేయరు మనిషి కాడ, ఇంకో కొస మా జేజినాయన కాడ. ముండ్లకంపలో, వంకలో, రాళ్లలో గొలుసు వంకర పోకుండా లాగాల. ఏ గెనెం మీద ఏ హద్దురాయి ఉందో, ఏ రాయి ఎవరు ఎప్పుడు జరిపినారో ఆయనకు తెలుసు. కరణానికి పుస్తకంలో తెలుసు, ఈయనకు కాళ్లలో తెలుసు. ఊరి భూమి మొత్తం కొలిచిన మనిషి పేరు మీద సెంటు భూమి లేదు.

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. 1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి ఇచ్చేసినప్పుడు థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. చేను చేనూ కొలిపించి, రైతుకు నేరుగా పన్ను కట్టించే రైత్వారీ పద్ధతిని ఇక్కడ పాదుకొల్పినాడు. చరిత్ర పుస్తకాల్లో మన్రో పేరుంది. మన్రో పేరు పెట్టుకున్న పిల్లలు ఈ సీమలో ఉండేవాళ్లు. ఆ కొలతల్లో ఎండకు గొలుసు మోసినోళ్ల పేర్లు ఏ కాగితంలో ఉన్నాయి? మహారాష్ట్రలో మహార్లకు ఇట్లాంటి ఊరి చాకిరీయే వతన్ అనే పేరుతో ఉండేది. దాన్ని మార్చాలని అంబేద్కర్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టినాడు. చారెడు ఇనాం భూమి చూపించి మనిషిని ఊరికి కట్టేసే పద్ధతి అదని ఆయన గుర్తించినాడు. మన రాష్ట్రంలో వంశపారంపర్య కరణాలు, మునసబులు 1984లో పోయినారు. పుస్తకం పోయింది గానీ, పుస్తకంలో రాసింది పోలేదు.

మా జేజినాయనకు ముసలితనంలో వంక అవతల రెండెకరాలు డి.కె.టి. పట్టా ఇచ్చినారు. ఆయనతో పాటు ఇంకొన్ని మాదిగ కుటుంబాలకు. రెండేండ్లు సేద్యం చేసినారు. వాన లేదు, ఎద్దులు లేవు, అప్పు అయింది. అప్పు ఇచ్చినోడే చేను చూసుకుంటానన్నాడు. ఇప్పుడు ఆడ చీనీ తోట ఉంది. బోర్లు ఉన్నాయి, డ్రిప్పు పైపులు ఉన్నాయి, చుట్టూ కంచె ఉంది. పట్టా కాగితం మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది. 1977లో వచ్చిన అసైన్డు భూముల చట్టం ప్రకారం ఆ భూమిని అమ్మడం, కొనడం చెల్లవు. చేతులు మారితే ప్రభుత్వం వెనక్కి తీసుకొని పేదోనికి తిరిగి ఇవ్వొచ్చు. చట్టం మా వైపు ఉంది, తోట వాళ్ల వైపు ఉంది.

2020 డిసెంబరు 21న రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలుపెట్టినారు. ఈసారి గొలుసు లేదు. డ్రోన్లు, ఉపగ్రహాల సంకేతాలు పట్టుకునే రోవర్లు వచ్చినాయి. 2023లో చట్టం సవరించి, అసైన్ చేసి 20 ఏండ్లు దాటిన భూములకు అమ్ముకునే హక్కు ఇచ్చినారు. 2024లో ప్రభుత్వం మారినాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టినారు. ఈ మధ్యలో, పాత కాగితాలు అడిగి మా గడప తొక్కనోళ్లు తొక్కినారు.

ఆ తోట చూసుకునే పెద్దరైతే ఒకనాడు బస్టాండు కాడ నన్ను పిలిచినాడు.

"ఏం అబ్బీ, పైలట్ అయితాన్నావంట?"

"ఇంకా పరీక్ష ఉందన్నా."

"కానీలే. సర్టిఫికెట్ రాంగానే మన వంకకాడి తోట మీద ఒకసారి ఎగరెయ్. చెట్లు, బోర్లు, కంచె అన్నీ పడేటట్లు ఫోటోలు తియ్యాల. సర్వేవాళ్లకు చూపించాల. ఊరికే వద్దులే, లెక్క ఇస్తా. మందు కొట్టే పని కూడా నీకే ఇస్తా, వందెకరాలు."

ఆయన నన్ను తిట్టలేదు. గౌరవంగానే మాట్లాడినాడు. మా జేజినాయనను ఒరే అని పిలిచిన ఇంట్లో ఆ మనవడు నన్ను అబ్బీ అన్నాడు. పని మారితే పిలుపు మారిందన్న మాట నిజమే. కానీ ఆయన నన్ను పిలిచింది మా జేజినాయన చేసిన పనికే. గొలుసు కొస పట్టుకో అని.

ఇప్పుడు ప్రశ్నను సూటిగా పెట్టుకుందాం. ఫోటో అబద్ధం చెప్పదు గదా? చీనీ చెట్లు ఉంటే చీనీ చెట్లే పడతాయి. నేను తీసినా అవే, ఇంకొకడు తీసినా అవే. అలాంటప్పుడు తీయడంలో తప్పేముంది? నా స్నేహితులు కొందరు ఇట్లాగే అడిగినారు.

నేను ఆలోచించింది ఇది. పైనుంచి తీసిన ఫోటోలో చెట్లు కనపడతాయి, వాటికింద ఎవరి పట్టా ఉందో కనపడదు. ఇవ్వాళ ఎవరు సాగు చేస్తున్నారో కనపడుతుంది, నిన్న ఎవరిని తరిమినారో కనపడదు. అబద్ధం ఫోటోలో లేదు. దాన్ని రుజువుగా చూపించి మిగతా సగం దాచిపెట్టడంలో ఉంది. ఆ మిగతా సగం నాకు తెలుసు. తెలియనివాడు తీస్తే అది కేవలం ఫోటో. తెలిసినవాడు తీసి ఊరకుంటే అది సాక్ష్యం దాచడం. అందువల్ల నేను కాకుంటే ఇంకొకడు తీస్తాడు అనే మాట నాకు సరిపోదు. వెట్టి చేసేకాలంలో కూడా ఈ మాటే చెప్పినారు, నువ్వు రాకుంటే నీ తమ్ముడొస్తాడని. మనుషులు ఒకరికొకరు బదులుగా దొరుకుతారని నమ్మించడమే వెట్టికి బలం.

ఆ పని నేను చేయనని తీర్మానించుకున్నాను. దానికి ఖరీదు ఉంది. డ్రోనుతో పని ఉండేది భూమి ఉన్నోనికే. నాకు పని ఇవ్వాల్సింది, నా అప్పు తీర్చాల్సింది ఆయనలాంటోళ్లే. భూమి లేనోడు నేర్చుకున్న ఏ విద్య అయినా చివరికి భూమి ఉన్నోని వాకిట్లోనే అమ్ముకోవాల్సి వస్తాది. సర్టిఫికెట్ ఈ సంగతిని మార్చదు.

రెండో ప్రశ్న ఇంకా కష్టమైంది. అది మందు కొట్టే పని.

మా నాయన ఇరవై ఏండ్లు వీపున ట్యాంకీ మోసినాడు. పత్తికి, మిరపకు, పప్పుశనగకు. ట్యాంకీకి పదహారు లీటర్లు, ఎకరాకు పదీ పన్నెండు ట్యాంకీలు. మాయమ్మ బిందెలతో నీళ్లు మోసి మందు కలిపిచ్చేది. సాయంత్రానికి తల తిరిగేది, కక్కుకునేవాడు, సంగటి ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయేవాడు. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు ఆపింది 2011 మే నెలలో. అంతకుముందు అది మా ఇండ్లల్లో ఖాళీ డబ్బాగా కూడా వాడుకున్న వస్తువు. ఇప్పుడు నా పుస్తకంలో రాసి ఉంది. మందు కొట్టే పైలట్ గాలికి ఎదురుగా నిలబడకూడదు, మాస్కు పెట్టుకోవాల, చేతులకు తొడుగులు, కండ్లకు అద్దాలు ఉండాల. దూరంగా నిలబడేవానికి ఇన్ని జాగ్రత్తలు. విషాన్ని వీపున మోసినోనికి ఒక్కటీ లేదు.

పది లీటర్ల ట్యాంకీ ఉన్న డ్రోను ఎకరాను పది నిమిషాల లోపల ముగిస్తుంది. మా నాయన దినానికి రెండెకరాలు కొట్టేవాడు. అంటే ఒక్క డ్రోను దిగితే మా పల్లెలో ఎన్ని చేతులు ఖాళీ అవుతాయో లెక్క వేసుకోండి. ఆ డ్రోను నడిపేది నేనే అయితే?

అంబేద్కర్ 1945లో కాంగ్రెసు, గాంధీ అంటరానివాళ్లకు ఏం చేసినారని రాసిన పుస్తకంలో యంత్రాల గూర్చి గట్టిగా వాదించినాడు. యంత్రం మీద కోపం పెట్టుకోవద్దని, తప్పంతా యంత్రాన్ని కొందరి సొత్తు చేసిన వ్యవస్థదని ఆయన అభిప్రాయం. మనిషి పశువులాగా బతక్కుండా తీరిక సంపాదించాలంటే యంత్రం కావాలన్నాడు. నేను దీన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. వీపు మీద విషం మోయడం మా సంస్కృతి కాదు, దాన్ని కాపాడుకోనక్కర్లేదు. కూలి పోతుందని చెప్పి మా నాయన వీపుకు మళ్లీ ట్యాంకీ తగిలించమని అడిగేవాడు మాకు మేలు కోరేవాడు కాడు.

అయితే మాయమ్మ ఒక మాట అనింది. "విషం మోసే బాధ తప్పె, మంచిదే నాయనా. అయితే పని లేని దినం బియ్యం ఎవురిస్తారు?" తీరిక వేరు, పని లేకపోవడం వేరు. తిండికి దిగులు లేనోనికి పని తప్పితే అది తీరిక. తిండికి కూలి మీద ఆధారపడినోనికి పని తప్పితే అది పస్తు. యంత్రం ఒకటే, దాని ఫలం ఇద్దరికీ రెండు రకాలు.

ఇంకో సంగతి చేన్లో నిలబడితేనే తెలుస్తాది. డ్రోను వచ్చినా మందు కలిపే మనిషి పోలేదు. నూటయాభై, రెండొందల లీటర్ల నీళ్లలో కలిపే మందును డ్రోనుకు పది లీటర్లలో కలుపుతారు. అంటే ఆ నీళ్లు ఎన్నో రెట్లు చిక్కటి విషం. పైలట్ దూరంగా నిలబడి మీట తిప్పుతాడు. కలిపేదీ, పోసేదీ, ట్యాంకీ కడిగేదీ దినకూలికి వచ్చిన సహాయకుడు. ఆ సహాయకుడు ఏ పల్లెవాడో మీరు చెప్పగలరు. యంత్రం విషాన్ని పదిమంది వీపుల మీది నుంచి దించి ఒక్కని చేతుల్లో పెట్టింది. ఆ ఒక్కడు మళ్లీ మనవాడే. నేను దూరంగా ఉంటాను గాబట్టి నేను శుభ్రం అనుకుంటే, దూరాన్ని శుభ్రమనుకునే పాత బుద్ధిని నేనే మోసుకొచ్చినట్లు. దళితుడు ఆ బుద్ధితో పైకి పోతే పోయింది దళితుడే, కింద కులం అట్లనే ఉంది.

మూడోది, ఎవరి చేతిలో మీట అనే ప్రశ్న. 2024 ఫిబ్రవరిలో పంజాబ్, హర్యానా మధ్య శంభు సరిహద్దు కాడ రైతుల మీద డ్రోన్లతో బాష్పవాయు గోళాలు వేసినారు. మా కర్నూలు పక్కనే ఉన్న రక్షణ పరిశోధనా మైదానంలో 2025 ఏప్రిల్ 13న లేజరు కిరణంతో ఒక డ్రోనును ఆకాశంలోనే కాల్చి చూపించినారు. మరుసటి దినం అంబేద్కర్ జయంతి, మేమంతా జెండాలు కట్టే పనిలో ఉన్నాం. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం డ్రోను విధానం తెచ్చి, ఓర్వకల్లు కాడ 300 ఎకరాల్లో డ్రోన్ల కేంద్రం పెడతామనింది. మంచిదే, మా పిల్లలకు పనులు రావొచ్చు. పని వచ్చినప్పుడు ఏ పని అని అడిగే హక్కు కూడా రావాల. ఆకలిగొన్నోడు ఆ ప్రశ్న అడగకూడదని పెద్దకులాలోళ్లు అంటారు. ఆకలి తెలిసినోడే అది అడగాలని నేనంటాను.

అయితే చదువు మానేయాలా? ఎంతమాత్రం కాదు. ఈ పరీక్ష నేను రాస్తాను, పాసవుతాను. సర్టిఫికెట్ వచ్చినాక మొదట వంక అవతలి భూముల మీదనే ఎగరేస్తాను, అయితే అడిగినోని కోసం కాదు. మాతోపాటు పట్టా ఉన్న కుటుంబాలతో మాట్లాడినాను. ఫోటోలను సర్వే కొలతల పుస్తకంలోని పటం పక్కన పెట్టి, ఏ పట్టా ఎవరిదో పేర్లు రాసి, 1977 చట్టం కింద తహసీల్దారుకు అర్జీ పెడతాము. ఊర్లో దీనికి కోపాలు వస్తాయని మాకు తెలుసు. అందుకే ఒక్కని పేరుతో కాకుండా అందరి వేలిముద్రలతో పెడుతున్నాం.

మందు కొట్టే పని విషయంలో నా షరతులు రెండు. కలిపే మనిషికి నాకున్న మాస్కు, తొడుగులే ఉండాల, కూలి నాకొచ్చే దాంట్లోంచి సమంగా పంచుకోవాల. ఇక డ్రోను ఎవరిదో ఒక రైతుది కాకుండా, ఇన్నాళ్లు నీళ్లు మోసి మందు కలిపిన ఆడోళ్ల సంఘానిది కావాల. 2023 నవంబరులో కేంద్రం మొదలుపెట్టిన డ్రోన్ దీదీ పథకంలో మహిళా సంఘాలకు 80 శాతం, 8 లక్షలకు మించకుండా సాయం ఇస్తామన్నారు. దేశమంతటా 15,000 సంఘాలకు అన్నారు. ఆ సంఘాల్లో మాల మాదిగ ఆడోళ్ల సంఘాలు ఎన్ని ఉన్నాయని మండలాఫీసుల్లో అడిగే పని విద్యార్థులు చేయొచ్చు. మండలాఫీసులో సమాచార హక్కు దరఖాస్తుకు ఐదు రూపాయలు.

పరీక్షకు ఇంక పదిరోజులుంది. వాతావరణం పాఠం ఇంకా సగం మిగిలింది. మాయమ్మ పొద్దున కూలికి పోతా నా పుస్తకం తీసి చూసి, "దీంట్లో మన ఊరి పటం కూడా ఉంటాదా?" అనింది. లేదని చెప్పినాను. మనమే గీయాల అనింది, చెంబు తీసుకొని పోయింది.